బాబాయి లాగిన్‌లో ఉండిపోయినవి

ఆసుపత్రి రక్తనిధి కిటికీ అద్దం భళ్లున పగిలిన చప్పుడు పక్కనున్న సర్వర్ గదిలోకి వినిపించింది. కాన్పు గదిలో భార్యకు నెత్తురు ఆగడం లేదని ఓ మేస్త్రీ కుర్చీ ఎత్తి కొట్టాడు. అతణ్ని తప్పు పట్టడానికి లేదు. ఫ్రిజ్‌లో నలభై రక్తపు సంచులున్నాయి గానీ వాటి మీద ఇంకా గ్రూపు చీటీలు అంటించలేదు, ఉన్నవి అంకెలే. ఏ అంకె ఏ గ్రూపో చెప్పే డేటాబేస్, పొద్దున కరెంటు పోయి వచ్చాక లేవనని మొరాయిస్తోంది.

దాన్ని చూసుకునే ఇంజనీరును అందరూ కళ్లజోడు అంటారు. సాఫ్ట్‌వేర్ ఎక్కడుందో, ఏ డేటాబేస్ తెరవాలో సర్వర్‌కు చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఏవని ఆమె ఆ యంత్రాన్నే అడిగింది. తెర మీద ఖాళీ వరుస వచ్చింది. మళ్లీ అడిగితే మళ్లీ ఖాళీయే.

అవి ఎలా పోయాయో అప్పుడు తట్టింది. ఆ సర్వర్ పెట్టింది ఆమె బాబాయి. తొమ్మిదేళ్లు తన లాగిన్ నుంచే డేటాబేస్ నడిపాడు, ఆ విలువలన్నీ తన లాగిన్ ఫైల్లోనే ఉంచుకున్నాడు. నా దగ్గరుంటేనే భద్రం అనేవాడు, ఉత్త మొండిఘటం. పోయిన వారం ఎదురు మాట్లాడాడని ఆసుపత్రి మేనేజరు ఆయన్ని కాలర్ పట్టి ఈడ్చి, ముఖాన్ని తలుపుకేసి బాదాడు. పన్నొకటి ఊడి గడప మీద పడింది. "వీడి లాగిన్ ఆనవాలు లేకుండా తుడిచెయ్" అన్నాడు. ఆమె కిక్కురుమనకుండా తుడిచేసింది. ఆ ఫైలూ దాంతోనే పోయింది, కానీ డేటాబేస్ అప్పటికే నడుస్తోంది గనక ఈ పొద్దున కరెంటు పోయేదాకా ఎవరికీ తెలియలేదు. తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

ఫోన్ చేసింది. "బాబాయ్, ఆ విలువలు కావాలి. తప్పు నాదే. ఇక్కడొకావిడ ప్రాణం పోయేలా ఉంది."

"రాసుకో తల్లీ" అన్నాడు వాచిన నోటితో.

రెండు రాసేసరికి మేనేజరు తలుపు తన్నుకుని వచ్చాడు. "ఆ ముసలాడితోనా మాట్లాడేది?" అంటూ ఆమె జుట్టు పట్టి వెనక్కి గుంజాడు. కళ్లద్దాలు కిందపడి అతని బూటు కింద నలిగాయి. చేతికందిన పాత కీబోర్డుతో ఆమె అతని ముక్కు మీద కొట్టింది. ఎముక విరిగింది. ఇంకోసారి కొట్టింది, అది బాబాయి పన్నుకి. అతను నెత్తురు కక్కుతూ గోడవారగా కూలబడ్డాడు.

"బాబాయ్, మూడోది చెప్పు."

తెరకు ముఖం ఆనించి మూడూ టైపు చేసింది. తన లాగిన్‌లో కాదు, సర్వర్ తనంతట తానే చదువుకునే ఉమ్మడి ఫైల్లో. డేటాబేస్ లేచింది. మేస్త్రీ భార్య గ్రూపు సంచి అంకె గట్టిగా చదివితే రక్తనిధిలోని నర్సు ఆ సంచి అందుకుని పరుగెత్తింది. మేస్త్రీ కుర్చీ కింద పెట్టి ఆమె వెంట పరుగెత్తాడు.

మేనేజరు ముక్కు పట్టుకుని లేచాడు. "సాయంత్రానికి నీ లాగిన్ కూడా ఉండదు."

"తీసేయించండి సార్" అందామె. "ఈసారి నాతో పాటు ఏదీ పోదు."