రెండు మూరల ఇసుక

దొరువు చేజారిన రోజున కూడా ఎలిశబెతు ఎప్పటిలాగే తెల్లవారకముందే లేచింది. ముఖం కడుక్కొని, చూరులో దోపిన టెంకాయ చిప్ప తీసుకొని, ఇసుక దారిన నడిచింది. ఆమె చేరేసరికి దొరువు పక్కన రెండు బండ్ల ఇటుక దించి ఉంది. పంచాయతీ ప్రెసిడెంటు చెంచురామయ్య గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"ఇకమీదట ఇది ఊరి బావి. నువ్వు దిగబాక," అన్నాడు. "మీ పేటోళ్లకు కావాలంటే మావోళ్లు తోడి పోస్తార్లే."

ఆమె వెనుదిరిగింది. ఇంటికొచ్చి చిప్పను మళ్లీ చూరులో దోపి, పొయ్యి రాజేసింది. అది పందొమ్మిది వందల అరవై వేసవి. ఆ ఊరి బడిలోనే అయ్యవారుగా ఉన్న మనవడు కృపాదానం, ఆ ఉదయం ఆమె ఒకే బియ్యాన్ని మూడుసార్లు కడగడం చూశాడు.

సముద్రం మైలు దూరంలో ఉన్న ఊళ్లలో తియ్యటి నీళ్లు ఇసుకలో పైపైనే ఉంటాయి. నిలువెత్తు గుంట తీస్తే చాలు, ఊరుతాయి. అదే దొరువు. రోజూ అంచు జారి ఇసుక పడుతుంది. రోజూ ఎవరో ఒకరు దిగి ఎత్తిపోయాలి. అయితే లోతుకు గీకకూడదు. తియ్యటి నీళ్ల అడుగున ఉప్పునీళ్లు పడుకొని ఉంటాయి. పార పడితే ఎంత లోతు పోయిందీ చేతికి తెలియదని ఎలిశబెతు చిప్పతోనే ఎత్తేది.

కలరా వచ్చిన ఏడు, కాలువ నీళ్లు తాగి వారంలో ఇద్దరు బిడ్డలు పోతే, మూడోవాణ్ణి చంకనేసుకొని ఆమె తవ్విన గుంట అది. అప్పటికే భర్త రంగూను పోయి తిరిగి రాలేదు. చేతులాడినన్నాళ్లు ఈ నీళ్లు తియ్యగా ఉంచుతానని ప్రభువుకు మొక్కుకుంది. యాభై ఏళ్లు ఆ మొక్కు తప్పలేదు. ఆదివారాలు ప్రార్థన గుడి ఊడ్చి వచ్చి దిగింది. ఆ మూడోవాణ్ణి, కృపాదానం తండ్రిని, పాతిపెట్టిన మర్నాడు కూడా దిగింది. చేపల గంపలతో కోట సంతకు పోయే ఆడవాళ్లు ఆగి, ఆమె పోస్తే దోసిలి పట్టి తాగేవారు. ఊరి రైతుల ఇళ్లవాళ్లు మాత్రం ఆమె దూరంగా తప్పుకొన్నాకే కడవలు ముంచుకొనేవారు. మాల ఎలిశబెతు శుభ్రం చేసిన నీళ్లకు మైల లేదు. ఆమె నిలబడిన చోటుకే ఉండేది.

"అర్జీ రాయరా అబ్బయ్యా," అని ఆ వేసవిలోనే మనవణ్ణి అడిగింది. "దొరువు నాదనొద్దు. దిగి ఇసకెత్తనియ్యమని రాయి, చాలు. వాళ్లు లోతు తవ్వతా ఉండారు. ఉప్పు లేస్తాది."

"రాస్తాలే అవ్వా."

కోటకు వెళ్లినప్పుడు తెల్లకాగితం కొన్నాడు. 'తహసీల్దారు గారి సముఖమునకు' అని రాసి ఆగాడు. అంటరానితనం నేరమన్న పాఠం ఏటా ఐదో తరగతికి చెబుతాడు. అది అతనికి కంఠస్థమే. కాని సొంత ఊరికి బదిలీ వచ్చింది చెంచురామయ్య మాట మీద. ఇంకొక మాట మీద పోగలదు కూడా. కాగితాన్ని హాజరుపట్టీలో పెట్టి మూశాడు.

ఆమె నెలకోసారి అడిగేది. "తీర్పు దినానికన్నా అందుతాదా నీ అర్జీ?" అని నవ్వేది. కొన్నాళ్లకు నవ్వడం మానేసింది. తర్వాత అడగడం మానేసింది.

మూడు మూరలు లోతుకు దించి ఇటుక ఒర కట్టారు. మెట్లు పెట్టారు. మొదటి వేసవి నీళ్లు పుష్కలంగా ఉన్నాయి. రెండో ఏడు ఎండలు ముదిరేసరికి నీళ్లు ఉప్పనై ఊళ్లో పప్పు ఉడకలేదు.

ఏప్రిల్‌లో ఒకనాడు చెంచురామయ్య బడి వసారాలోకి వచ్చాడు. పెద్దయ్యవారిని 'గారు' అనే మనిషి కృపాదానాన్ని పేరు పెట్టే పిలిచేవాడు.

"ఏమయ్యా కృపాదానం, మీ అవ్వ దొరువుకేమన్నా శాపం పెట్టిందా?"

"లేదండీ."

"నోట పెట్టేదానికి లేదు. ముసల్ది ముందే చెప్పిందంట గదా, ఉప్పు లేస్తాదని. వచ్చి బాగుచెయ్యమను. ఇకమీదట మీవోళ్లు కూడా తోడుకోండి. నేనడ్డం రాను."

నీళ్లు ఉప్పనయ్యాక వచ్చిన హక్కు అది. మా అవ్వ రాదండీ అన్న మాట కృపాదానానికి నాలుక చివరిదాకా వచ్చింది. "చెప్తానండీ," అన్నాడు.

రానంటుందన్న ఆశతోనే ఇంట్లో చెప్పాడు. అతని మాట పూర్తికాకముందే ఆమె చూరు తడుముతోంది.

"పోబాక అవ్వా. నిన్ను తోలేసినోళ్ల కోసమా?"

"నీళ్లేం చేసినాయిరా?" అంది. "నేను మొక్కుకుంది చెంచురామయ్యకా?"

మెట్లు దిగి, చిప్పతో ముంచి, రుచి చూసి ఉమ్మేసింది. "తవ్విందంతా పూడ్చాల. ఆ ఎనక రెండు వానలు పడితే తియ్యబడతాది," అంది.

ఎనభై దగ్గరపడిన మనిషి. నడుము వంగిపోయింది. మడమలు ఉప్పుకు పగిలి ఉన్నాయి. చిప్ప పట్టి పట్టి కుడిచేతి వేళ్లు లోపలికి ముడుచుకొని మళ్లీ చాచుకోవడం మరిచాయి. దిబ్బ మీది మంచి ఇసుక చిప్పతో చిన్న గంపకెత్తి, ఒక్కో మెట్టూ దిగి పోసి వచ్చేది. గంపకూ గంపకూ మధ్య ఒర మీద కూర్చొనేది.

"సెలవులిచ్చినాక నేను పోస్తాలే," అన్నాడు కృపాదానం. "పది దినాలాగు."

"నీ పంచె మాసిపోతాదిలే," అంది. ఎగతాళి చేసిందో లేదో అతనికి తెలియలేదు.

బడి కిటికీలోంచి దొరువు కనిపించేది. పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయిస్తూ అటే చూసేవాడు. ఊరివాళ్లు ఒక్క గంప అందించలేదు. పేటవాళ్లు కోపంతో రాలేదు. అతను సిగ్గుతో వెళ్లలేదు. ఎనిమిది రోజుల్లో మూరెడు పూడింది.

తొమ్మిదో రోజు ఆమె అంబలి తాగి, కళ్లు మూసుకొని ప్రార్థన చేసుకొని, గంప తీసుకొని వెళ్లింది. మధ్యాహ్నం ఎక్కాల మధ్య చూస్తే గంప ఒర మీద ఉంది. బడి విడిచాక చూసినా అక్కడే ఉంది. అతను వడివడిగా నడిచాడు.

ఎలిశబెతు మూడో మెట్టు మీద కూర్చొని, ఒరకు తల ఆనించి ఉంది. పది బారల దూరంలో ముగ్గురు ఆడవాళ్లు ఖాళీ కడవలతో నిలబడి ఉన్నారు. వాళ్లలో చెంచురామయ్య కోడలు చెంచులక్ష్మి అంది:

"ఎండపొద్దు నించి అట్నే కూచోనుంది. పిలిచినాం, పలకలేదు. నిద్రబొయిందేమో అనుకుంటిమి."

"ఒకసారి తట్టి లేపకపోతిరా అమ్మా?"

ఆమె కడవను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకొంది.

కృపాదానం దిగి అవ్వ చెయ్యి పట్టుకొన్నాడు. చల్లబడి ఉంది. పిడికిట్లో ఇసుక ఉంది. ఆ దొరువులోకి అతను దిగడం అదే మొదటిసారి.

సమాధి దగ్గర పాస్టరు అబ్రహాము ఆమె సేవ గురించి మంచి మాటలు చెప్పాడు. చెంచురామయ్య పూలదండ పంపించాడు. చావు పడిన నీళ్లని ఊరివాళ్లు అటు రావడం మానేశారు. పేటవాళ్లు వెళ్లినా ఆ నీళ్లు గొంతు దిగలేదు. ఇప్పుడు అక్కడికి ఎవరైనా వెళ్లవచ్చు.

బడికి సెలవులిచ్చారు. సెలవులు అయిపోయి మళ్లీ తెరిచారు. వానలు కూడా రెండు పడ్డాయి. హాజరుపట్టీ మారింది కాని, అర్జీ కాగితం పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి వచ్చింది. గంపను ఎవరో తీసుకుపోయారు. అంచు అరిగిన టెంకాయ చిప్ప మూడో మెట్టు మీద అలాగే ఉంది. దాని కింద ఇంకా రెండు మూరల ఇసుక పోయవలసి ఉంది.