పోలిరాజు బండి ఆపని రోజు

పొద్దున్న ఏడింటికి కాట్రేనికోన రోడ్డు మీద పాలబండ్లు పలచబడ్డాక శ్యామ్ సుందర్ షెడ్డు తలుపులు తీసి, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లి, భార్యకి టీ పోసిచ్చేవాడు. రిటైరయ్యేదాకా అతను సర్కారు ఆసుపత్రిలో కాంపౌండరు. షెడ్డు భార్యది. మొదట్నుంచీ అక్కడ అతని పని ఒకటే. భవానీదేవి కుడి అరచెయ్యి ఇంజను మీద ఆనించినప్పుడు ఆమె ఎడమ మణికట్టు పట్టుకుని నాడి చూడటం.

ఇంజను మీద చెయ్యి పెడితే భవానీదేవి గుండె ఆ ఇంజనుతో కలిసి కొట్టుకునేది. ఇంజను పదిసార్లు తిరిగితే ఆమె గుండె ఒకసారి. తండ్రి మాణిక్యం చేపల పడవల ఇంజన్లు బాగుచేసే రోజుల్లో, పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు మొదలైంది అది. ఊళ్లో కొందరికి ఎండ పడదు, కొందరికి వంకాయ పడదు, భవానీదేవికి ఇలాగ. అంతకు మించి ఎవరూ దాని గురించి మాట్లాడుకోలేదు. పెళ్లయిన కొత్తలో శ్యామ్ సుందర్ సెలవురోజు షెడ్డుకొచ్చి, ఆసుపత్రి అలవాటుకొద్దీ ఆమె చెయ్యి పట్టుకుని, "నాలుగు కొట్టి ఒకటి మింగుతోంది" అన్నాడు. "అయితే ఒక సిలిండరు పనిచెయ్యట్లేదన్నమాట" అందామె. ముప్పై ఏళ్లుగా ఇద్దరూ అలాగే పనిచేస్తున్నారు.

కార్తీకమాసంలో ఒక సోమవారం పోలిరాజు తన లారీ తెచ్చేడు. పదహారేళ్ల బండి, కొబ్బరికాయల లోడు మోస్తుంది. నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందని తెస్తే, భవానీదేవి చూసి క్రాంకు సెన్సారు మార్చింది. ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో కంప్యూటరు పెట్టెకి చెప్పే చిన్న బొడిపె అది. బండి ఆగిపోవడం మానేసింది. మర్నాడే పోలిరాజు మళ్లీ వచ్చేడు.

"రోడ్డు మీద బాగానే ఉందండీ అక్కగారూ. నిలబెట్టి స్లోలో పెడితేనే జొరమొచ్చినట్టు వణికిపోతోందండి."

ఆ రోజంతా సెన్సారు చుట్టూ తిరిగేరు. వైర్లు తుడిచేరు, అమలాపురం నించి ఇంకో సెన్సారు తెప్పించి పెట్టేరు. బండి అలాగే వణికింది. బుధవారం గాలి ఫిల్టరు, డీజిలు ఫిల్టరు మార్చేరు. సిలిండర్లు ఒక్కొక్కటీ ఆపి చూసేరు. దేనిలోనూ తేడా లేదు.

"ఎక్కడ మింగుతోందండీ?" అనడిగింది భవానీదేవి.

"ఒక లెక్కా పాడూ లేదు. ఓసారి అయిదు కొట్టి మింగుతోంది, ఓసారి మూడు."

ఆమె మెట్టు మీద కూలబడింది. మొహంలో రంగు లేదు. దసరా దగ్గర్నించీ ఆమె షెడ్డు వదిలి ఇంటికి రావడం తగ్గించేసింది. మధ్యాహ్నం అన్నం కూడా నడుస్తున్న ట్రాక్టరుకి ఆనుకునే తినేది. ఎందుకని అడిగితే, "ఇంజను పక్కనుంటే హాయిగా ఉంటోందండీ" అనేది. ఆ మాటకి శ్యామ్ సుందర్ మనసు కొంచెం నొచ్చుకుంది. ఇప్పుడీ లారీ దగ్గర ఆ హాయి కూడా లేదు.

"దీన్ని అమలాపురం పంపించేద్దాం. పొద్దల్లా ఈ కుదుపు నీకెందుకు?"

"సెన్సారు మార్చకముందు ఈ వణుకు లేదండీ. నా చెయ్యి పడ్డాకే వచ్చింది. నేనే చూసుకోవాలి."

గురువారం పొద్దున్న టీ తాగుతూ శ్యామ్ సుందర్ ఆ మాటే తలుచుకున్నాడు. ఆసుపత్రిలో ఇంజక్షను చేశాక చెయ్యి వాస్తే, మందు కంటే ముందు సూది ఎక్కడ గుచ్చేరని అడిగేవాళ్లు.

"భవానీ, ఆ సెన్సారు దాకా చెయ్యి పోవడానికి దేన్ని పక్కకి వంచేవు?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. "డీజిలు గొట్టాన్ని."

అతను ఇంటికెళ్లి, పాత పెట్టెలోంచి ఆసుపత్రిలో వాడే అద్దంలాంటి ప్లాస్టిక్ గొట్టం తెచ్చేడు. ఆమె దాన్ని ఫిల్టరుకీ పంపుకీ మధ్య బిగించింది. పోలిరాజు స్టార్టు చేసేడు. తేనెరంగు డీజిలు ఆ గొట్టంలో మెరుస్తూ పారింది. దాని వెంట ఆవగింజలంత బుడగలు, ఒకదాని వెనక ఒకటి, ఎక్కడికో తీరిగ్గా ప్రయాణమైనట్టు వెళ్లేయి.

"సెలైనులో ఇలాంటి బుడగొస్తే మేం ఒప్పుకోం" అన్నాడు శ్యామ్ సుందర్.

"గాలి పీలుస్తోంది" అంది భవానీదేవి.

ఎండిపోయిన రబ్బరు గొట్టానికి క్లిప్పు అడుగున గోటిగీత అంత పగులు. సెన్సారు కోసం వంచినప్పుడు విచ్చుకుంది. కొత్త గొట్టం వేసి, గాలంతా తీసేసి, మళ్లీ స్టార్టు చేసేరు.

ఇంజను రెండుసార్లు దగ్గి కుదురుకుంది. ఆ చప్పుడు షెడ్డంతా పరుచుకుని, రోడ్డు దాటి, కాలవ మీదుగా అవతలి కొబ్బరితోటలోకి వెళ్లి అక్కడ కూర్చున్నట్టనిపించింది. శ్యామ్ సుందర్ వేళ్ల కింద నాడి డెబ్బై దగ్గర నిలబడింది. ఒక్కటీ తప్పలేదు. భవానీదేవి కళ్లు మూసుకుని, అన్నం తిని తృప్తిపడ్డ మనిషిలా ఊపిరి వదిలింది.

"చేతులు కడుక్కుంటానండీ" అంటూ బండి మీంచి చెయ్యి తీసింది.

ఎప్పుడూ ఆమె చెయ్యి తీసేసరికి అతనూ మణికట్టు వదిలేసేవాడు. ఆ రోజు ఆ నిమ్మళంలో వదలడం మర్చిపోయేడు.

వేళ్ల కింద నాడి ఒకసారి కొట్టింది. తరవాత లేదు. అతను మనసులో ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టేడు. ఇంకొకటి కొట్టింది. ఆమె పక్కకి ఒరిగిపోతోంది.

"పోలిరాజు గారూ, పట్టుకోండి. ఆవిడ చెయ్యి బండి మీద పెట్టండి."

అరచెయ్యి ఇనుముకి తగలగానే నాడి తిరిగొచ్చింది. డెబ్బై.

"ఎప్పట్నించి?" అనడిగేడు.

"దసరా ముందు నించండీ. ఇంజను దగ్గర లేకపోతే కళ్లు చీకట్లు కమ్ముతున్నాయి. ఇంత గట్టిగా రావడం మాత్రం ఇవాళే. మీరు కంగారు పడతారని చెప్పలేదు."

శ్యామ్ సుందర్ ఆమె చేతిని బండికేసి ఇంకాస్త అదిమి పట్టుకున్నాడు. ముప్పై ఏళ్లుగా తను చూసింది ట్రాక్టర్ల నాడి, లారీల నాడి, పడవల నాడి. ఊరందరికీ జ్వరాలు చూసినవాడు, భార్య సొంత నాడి ఒక్కనాడూ చూడలేదు.

"అంబులెన్సుకి ఫోన్ చెయ్యమంటారా?" అన్నాడు పోలిరాజు.

"ఆ బండి ఇంజను ఎలా ఉంటుందో నాకు తెలీదు" అంది భవానీదేవి. "దీన్ని నేను బాగుచేసేను. ఇందులోనే వస్తాను."

"ఆయ్" అన్నాడు పోలిరాజు. తోటలో కాయలు రాశిపోసి తన కోసం చూస్తున్నవాళ్లకి ఫోన్ చేసి, ఇవాళ రాలేనని చెప్పేసేడు.

క్యాబిన్ మధ్యలో, గేరు రాడ్డు మొదట్లో ఉన్న ఇనుము మీద ఆమె చెయ్యి. రెండో చెయ్యి భర్త చేతుల్లో. "నాడి నూరు దాటకుండా తోలండి" అన్నాడతను. అతను అంకె చెబుతుంటే పోలిరాజు దానికి తగ్గట్టు కాలు నొక్కేడు, ఎత్తేడు. తొంభై. తొంభై అయిదు. కాస్త తగ్గించండి. రొయ్యల వ్యానులు హారన్లు కొట్టుకుంటూ దాటిపోయేయి. సైకిలు మీద స్కూలు టీచరొకావిడ కూడా కాసేపు వాళ్ల పక్కనే వచ్చింది. ముమ్మిడివరం దాటేక భవానీదేవి, నిద్రలో మాట్లాడుతున్నట్టు, "గోదారి వాసనొస్తోంది" అంది. ఎదుర్లంక వంతెన ఎక్కేటప్పుడు నాడి నూట ఇరవైకి పోయింది. ఆమె పెదాలు బిగించింది. వంతెన మధ్యకొచ్చేసరికి బండి తేలికపడింది, ఆమె కూడా. కింద నది వెడల్పుగా, ఏ తొందరా లేకుండా సముద్రంలోకి వెళ్తోంది.

కాకినాడ ఆసుపత్రి గేటు దగ్గర కాపలా అతను బండి ఆపెయ్యమన్నాడు.

"ఆపకూడదండీ. ఆవిడ గుండె దీని మీదుంది" అన్నాడు పోలిరాజు.

కాపలా అతను గేటు ఇంకాస్త తెరిచి, గోడ పక్కన నీడలో చోటు చూపించేడు.

డాక్టరు సత్యవాణి లారీ మెట్టెక్కి, స్టెతస్కోపు పెట్టి, ఒకసారి చెయ్యి తీయించి విన్నారు. వెంటనే మళ్లీ పెట్టించేరు. "ఇన్నాళ్లూ ఎలా తిరిగేరమ్మా?" అన్నారు. "చిన్న యంత్రం పెట్టాలి, గుండె దాని లెక్కన కొట్టుకుంటుంది. లోపలికి తీసుకెళ్లేటప్పుడు చెయ్యి తియ్యాలి కదా, ఎలాగ?"

భవానీదేవే చెప్పింది. "ఇంజనుకి పొడుగాటి ఎర్తు వైరు కట్టి, రెండో కొస నా గుప్పిట్లో పెట్టండి. సరిపోతుంది."

వైరు కిటికీలోంచి, వరండాలోంచి ఆపరేషను గదిలోకి వెళ్లింది. నర్సు దాన్ని దూదితో తుడిచి, ఆమె అరచేతికి ప్లాస్టరు వేసి అతికించింది. వరండాలో వెళ్లేవాళ్లు కాలు తగలకుండా దాటుకుంటూ వెళ్లేరు. బయట లారీ డెబ్బై దగ్గర నిలకడగా నడుస్తోంది. శ్యామ్ సుందర్ ఆ వైరు పక్కనే నేల మీద కూర్చున్నాడు.

నాలుగింటికి డాక్టరుగారు బయటికొచ్చి తలూపేరు. శ్యామ్ సుందర్ లారీ దగ్గరికెళ్లేడు. పోలిరాజు పొద్దున్న కూర్చున్న చోటే కూర్చుని ఉన్నాడు. భోజనానికి కూడా దిగలేదు.

"ఆపెయ్యమన్నారు."

పోలిరాజు తాళం మీద చెయ్యి వేసేడు గానీ తిప్పలేదు. "మీరు లోపలికెళ్లండి బావగారూ. ఆవిడ చెయ్యి పట్టుకోండి. అప్పుడాపుతాను."

శ్యామ్ సుందర్ లోపలికెళ్లేడు. ఆమె మెలకువగానే ఉంది. అరచేతి మీది ప్లాస్టరు తీసి, వైరు పక్కన పెట్టి, మణికట్టు పట్టుకుని కిటికీలోంచి చెయ్యి ఊపేడు. బయట చప్పుడు తెగిపోయింది. ఎక్కడో పైపులో నీళ్లు పడుతున్న శబ్దం వినిపించింది.

"బండి ఆగిందాండీ?" అనడిగింది భవానీదేవి.

"ఆగింది."

ఆమె అతని మొహంలోకి చూసింది. అతను పెదాలు కదుపుతూ, వేళ్ల కింద ఒక్కటీ తప్పకుండా కొడుతున్న నాడిని లెక్కపెడుతున్నాడు. నిమిషం అయిపోయింది. రెండో నిమిషం కూడా అయిపోయింది. అతను లెక్క ఆపలేదు.