విరిగిన సూది మొన

డబ్బా మూతలో దాచిన రెండు సూది ముక్కల్ని ఆమె మళ్ళీ తీసి, ఒకదాని కొసకి ఒకటి ఆనించి, పక్కన కొత్త సూది పెట్టి చూసింది. కళ్ళు మోసం చేస్తున్నాయేమోనని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. కళ్ళ తప్పేమీ లేదు. మొన లేదు. నూకగింజంత ఇనుము.

తను పనిచేసే కుట్టు దుకాణంలో అయితే ఇలా జరగనిచ్చేవారు కాదు. అక్కడ సూది విరిగితే కుట్టేవాళ్ళు మిషను మీంచి కాలు తీసెయ్యాలి. ముక్కలన్నీ వెతికి, కాగితం మీద అంటించి, సూది పూర్తయిందని మాస్టరు కళ్ళారా చూశాకే మళ్ళీ కుట్టు. కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పేది ఆమే.

కానీ అది ఇల్లు, కుట్టింది తమ్ముడి కూతురికి గౌను. దుకాణంలో పారేసే కత్తిరింపుల్లోంచి మెత్తటివి ఏరి తెచ్చుకుంది. అరచేయంతవి కొన్ని, వేలెడంతవి కొన్ని. రంగులు కుదిరేదాకా నేలమీద పరిచి, తీసి, మళ్ళీ పరిచింది. భుజం దగ్గర నాలుగు అతుకులు ఒక్కచోట కలిశాయి, అడుగున లైనింగు కూడాను. అక్కడే సూది టక్కుమంది. అప్పటికే తమ్ముడు గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నాడు. కంటికి కనబడిన ముక్కల్ని మూతలో వేసి, సూది మార్చి, కుట్టు ముగించేసింది.

“మా అక్క చేతిలో పడితే పేలికలకి కూడా పెళ్ళిళ్ళయిపోతాయి” అంటూ వాడు గౌను చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తరవాత తీరిగ్గా ముక్కలు అతికి చూస్తే తేలింది సంగతి.

ఇది నిన్నటి మాట.

నిన్నే గది అంతా ఊడ్చింది. అయస్కాంతంతో మిషను కిందా, బాబిను గూట్లోనూ, నేల పగుళ్ళలోనూ వెతికింది. గుండుసూదులు దొరికాయి, ఎప్పటిదో హుక్కు దొరికింది. ఎగిరి ఎక్కడో పడుంటుందిలే అనుకుంది. ఫోను తీసింది, పెట్టేసింది. మరదలికి అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. తనకి పిల్లలే లేరు. ఈ రెండు విషయాల్నీ కలిపి దిష్టి అని ఎవరూ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఇన్నేళ్ళుగా ఆమె లోపల రకరకాల గొంతులతో మాట్లాడుతూ వచ్చింది. ఇప్పుడు తన నోటితో తనే చెబితే ఆ గొంతులన్నీ బయటికి వస్తాయి.

అంతకంటే చెడ్డది ఇంకొకటి ఉంది. సూది విరిగిన క్షణాన తను ఏమనుకుంటోంది? పాప నుదురు అచ్చం తన నుదురే, తల్లిది కాదు అనుకుంటోంది. అంతే. అప్పుడది ముద్దుగా తోచిన మాట. ఇప్పుడు తిప్పి చూస్తే దానికి ఇంకో ముఖం ఉన్నట్టనిపిస్తోంది. అంత తెలిసిన మనిషి ఎందుకు వెతకలేదు? తమ్ముడు తొందరపెట్టాడా? తనే వెతకదలచుకోలేదా?

ఇక ఆగలేక దుకాణానికి సెలవు చెప్పి బయల్దేరింది. దారి పొడుగునా పిల్ల ఏడుపు వినబడుతున్నట్టే ఉంది. తమ్ముడి వాటా మెట్లెక్కాక అది నిజంగానే వినబడింది.

పాప గౌనులోనే ఉంది. తల్లి భుజాన వేసుకుని గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి తిరుగుతోంది. తలుపు తీసిన తమ్ముడి ముఖం అలసటతో వాడిపోయి ఉంది. పొద్దున గౌను తొడిగినప్పటి నుంచీ ఇదే వరస అని, కడుపు నొప్పేమోనని అన్నాడు.

“మీ గౌను మాత్రం గట్టిదే వదినా, ఇంత గింజుకున్నా ఒక్క కుట్టూ ఊడలేదు” అంది మరదలు. “అచ్చం మీ మాటల్లాగే.”

ఎప్పుడైనా అయితే దీటుగా ఏదో ఒకటి అనేదే. ఇప్పుడు గౌనుకేసి చెయ్యి చాపింది. గుండీ వదులైంది, ఇలా ఇస్తే బిగిస్తానని గొణిగింది. కాస్త కునుకు పట్టనివ్వండి, తరవాత చూడొచ్చని మరదలు పాపని జో కొట్టడం మొదలుపెట్టింది. అరచెయ్యి సరిగ్గా ఆ భుజం అతుకు మీదే పడుతోంది. ఒక దెబ్బ. ఇంకొకటి.

“కొట్టకు” అంది ఆమె. “అందులో సూది మొన ఉంది.”

మరదలు అరవలేదు. పాపని మంచం మీద పడుకోబెట్టి, గౌను తీసేసి, వేళ్ళతో ఒళ్ళంతా నిదానంగా తడిమింది. భుజం వెనక ఎర్రటి గీత, దాని చివర ఎండిన నెత్తురు చుక్క. ఆ చుక్కని చాలాసేపు చూసింది.

“ఎప్పుడు తెలిసింది మీకు?”

“ఇప్పుడే అయ్యుంటుంది” అన్నాడు తమ్ముడు. “చూడు ఎలా రొప్పుతోందో. తెలియగానే పరిగెత్తుకొచ్చింది పాపం.”

అవునంటే సరిపోతుంది. తల ఊపినా చాలు. అలా ఊపడానికి మెడ సిద్ధమైపోవడం ఆమెకి తెలుస్తూనే ఉంది, అది తెలియడమే భయంకరంగా అనిపించింది.

“నిన్న” అంది. “వీడు వెళ్ళిన కాసేపటికే.”

తమ్ముడు అక్క ముఖం చూడలేక గౌను వంక చూశాడు. గాయానికి మందు తెమ్మని మరదలు అతన్ని కిందికి పంపించింది. తరవాత బ్లేడు తెచ్చి ఆమె చేతికిచ్చింది. ఆమె భుజం అతుకులు ఒక్కొక్కటే విప్పింది. నాలుగో పొర కింద మొన మెరిసింది. మరదలు దాన్ని గోటితో తీసి అగ్గిపెట్టెలో వేసి మూసింది.

పాప ఏడుపు ఇంకా ఆగలేదు. గాయం కడగడానికి నీళ్ళు కాచాలి. ఇంట్లో మరో మనిషి లేదు.

“చేతులు చూపించండి” అంది మరదలు.

చూపించింది. మరదలు వేళ్ళ సందులు చూసింది, జాకెట్టు చేతుల అంచులు తడిమింది, మెడ పట్టీ వెంట వేలు పోనిచ్చింది. అక్కడ కుట్టుపనివాళ్ళ అలవాటుగా గుచ్చుకున్న గుండుసూది ఒకటి ఉంది. ఆమెకే గుర్తులేదు. మరదలు దాన్ని తీసి కిటికీ గట్టు మీద పెట్టి, పాపని ఆమె ఒళ్ళో పడుకోబెట్టింది.

వంటగది తలుపు తెరిచే ఉంచి, పొయ్యి దగ్గర ఇటే తిరిగి నిలబడింది. పాప ఏడుస్తూ ఆమె వేలు పట్టుకుని బిగించింది. ఆమె ఆ వేలు కదపలేదు. ఊపిరి కూడా సగమే తీసుకుంది.