కాళ్ల తనిఖీ

మనసు దెబ్బతిన్న మాజీ సైనికుల కోసం విరాళాలు పోగుచేసే నలభై మైళ్ల పరుగు వచ్చే నెలలోనే. సాధనకని బ్రెకన్ కొండల్లో పదిహేను మైళ్లు పరిగెత్తి, వానలో ఓ రాతిగోడ పక్కన కూలబడ్డాం. మా పాత సార్జెంట్ ఇద్రిస్, పటాలంలోలాగే, అందరి బూట్లూ విప్పించాడు.

"నా కాళ్లకేం కాలేదు సార్," అన్నాను చిరాగ్గా.

"నోరు అబద్ధమాడుతుందిరా, బొబ్బ ఆడదు. విప్పు!"

ఇరవై ఏళ్లుగా ఇదే గోల. నాకు ఒళ్లు మండింది. "మరి మీ కాళ్లెవరు చూస్తారు సార్?"

ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆయన నెమ్మదిగా తన బూటు విప్పి, మేజోడు లాగేశాడు. మడమ పచ్చిపుండులా ఉంది. నేను పట్టీ వేస్తుంటే, ఫ్లాస్కులోంచి టీ వంచి నాకందిస్తూ గొణిగాడు.

"రాత్రుళ్లు నిద్ర కూడా పట్టట్లేదురా."

"అదీ విప్పండి సార్," అన్నాను. "టీ ఇంకా ఉంది."