వాలిన గీత

"ఆ అట్టపెట్టెలు విప్పమంటావా, అలాగే ఉంచమంటావా?" అని భర్త పొద్దున్నే అడిగాడు. ఈ ఊరొచ్చి ఏడాది దాటినా వంటసామాను సగం పెట్టెల్లోనే ఉంది.

"సాయంత్రం చెప్తానండీ," అంటూ ఆమె చెప్పులేసుకుంది.

నడిసముద్రం అడుగున గ్యాసు ఉందో లేదో అంచనా కట్టడం ఆమె ఉద్యోగం. ఆమె జట్టు చూపించిన చోట్ల ఇప్పటికి రెండు బావులు తవ్వారు. రెండింట్లోనూ ఉప్పునీళ్ళే పడ్డాయి. మూడో చోటు చూపించలేకపోతే జట్టును ఎత్తేసి తలో ఊరికి తోలేస్తారు. మళ్ళీ బదిలీ, మళ్ళీ ఇల్లు వెతుక్కోవడం. తలచుకుంటేనే ఆమెకు ఒళ్ళు బరువెక్కేది.

ఓడ మీంచి శబ్దాన్ని కిందికి పంపి, అది రాళ్ళకు తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి బొమ్మ గీస్తారు. మూడో చోటి బొమ్మలో, గొడుగులా ఉబ్బిన రాతిపొర కింద, స్కేలు పెట్టి గీసినట్టు ఒక అడ్డగీత కనిపించింది. పైన గ్యాసు, కింద నీళ్ళు ఉంటే ఆ రెండూ కలిసేచోటు గిన్నెలో నీళ్ళలా సమంగా ఉంటుంది. ఇంకేం, జట్టంతా ఎగిరి గంతేసింది.

ఆమెకూ గంతెయ్యాలనే ఉంది, కాళ్ళే లేవలేదు. అక్కడ సముద్రపు అడుగు ఒక పక్కకు బాగా జారిపోతోంది. శబ్దం రాళ్ళలో పరుగెత్తినట్టు నీళ్ళలో పరుగెత్తదు. నీళ్ళు ఎక్కువున్న వైపు ఆలస్యమై, బొమ్మలో గీత ఆ పక్కకు కిందికి దిగాలి కదా! బొమ్మ చూపించేది సమయాన్ని, లోతును కాదు. తొందరలో ఆ సంగతి అందరూ మరిచిపోయారు.

ఆమె కూర్చుని సమయాన్ని లోతుగా మార్చింది. నీళ్ళు ఎక్కువున్న వైపు గీత పైకి లేచింది. ఇంకోసారి లెక్క వేసింది. మళ్ళీ లేచింది.

"ఇది గ్యాసు గీత కాదు సార్, వాలిపోయింది," అని మేనేజరుకు చూపించింది.

"కొంచెమేగా అమ్మా?"

"నీళ్ళు కొంచెమైనా వాలి నిలబడవు కదా సార్."

"నువ్వు రాకముందు నాకు బీపీ ఉండేది కాదు."

"అప్పట్లో మీరు చూపించుకునేవారు కాదు సార్."

ఆయన నవ్వబోయి మానేశాడు. "రేపే రిపోర్టు పైకి వెళ్ళాలి. ఊరుకుంటే జట్టు ఇంకో రెండేళ్ళు బతుకుతుంది. ఎవడికి తెలుస్తుంది చెప్పు?"

"తవ్వేవాళ్ళకు తెలుస్తుంది సార్. మళ్ళీ ఉప్పునీళ్ళు పడ్డాక."

మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే, ఆ చోటు తీసెయ్," అన్నాడు.

ఆమె ఇంటికొచ్చేసరికి భర్త ఆగలేక ఒక పెట్టె విప్పేశాడు. అలమరలో గాజుగ్లాసులు వరసగా తళతళలాడుతున్నాయి. ఆమె కుర్చీలో కూలబడింది. ఆయన ఆమె ముఖం చూశాడు. ఒక్కో గ్లాసూ తీసి మళ్ళీ పాత కాగితాల్లో చుట్టసాగాడు.

"రెండు బయటే ఉంచండి," అంది ఆమె. "టీ తాగుదాం."