ఎడమ పక్క బరువు

ఎర్రగా కాలిన కమాన్ పట్టీని వీరయ్య పట్కారుతో లాగి రైలు పట్టా ముక్క మీద పెట్టాడు. ఎదురుగా ఓదెమ్మ సమ్మెట ఎత్తింది. అతని చేతిలోని చిన్న సుత్తి ఎక్కడ తాకితే ఆమె సమ్మెట అక్కడ పడాలి. పడింది. మళ్ళీ పడింది. రవ్వలు ఆమె చీర అంచు దాకా ఎగిరి ఆరిపోయాయి. మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు తక్కువ. చెప్పుకోవలసినవన్నీ ఇనుము మీదే చెప్పుకుంటారు.

వీరయ్యది బక్క ఒళ్ళు. ముంజేతుల మీద ఒక్క వెంట్రుక లేదు, కొలిమి ఎన్నడో తినేసింది. మంటలోకి చూసి చూసి కుడి కన్ను సగం మూసుకుపోయింది. ఈ మధ్య పట్టీ ఎత్తితే ఛాతీలో పట్టేస్తోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అతని పని ఒకటే. వంగిన బండిని లేపడం. కొత్త ట్రాలీ ఆటోల కింద బరువు మోసే కమాన్లు తారు రోడ్డుకు సరిపోతాయి. చెలకలకు, గుట్టలకు, వాగులకు సరిపోవు. ఇసుకో, బోరు పైపులో, చెలక చుట్టూ పాతే రాతి కడీలో ఎత్తి బాట దిగితే వెనక భాగం చతికిలబడుతుంది. వీరయ్య ఆ కమాన్ కట్టను విప్పుతాడు. పట్టీలను కాల్చి వంపు తిరగబెడతాడు. అడుగున మందం పట్టీలు రెండు చేర్చి, పొడుగు బోల్టులతో బిగిస్తాడు. జనగామ పొలిమేరలో, తరిగొప్పుల దారి పక్కన అతని రేకుల కొట్టం. బోర్డు లేదు. వంగి వచ్చిన బండి వంగి పోయిందన్న మాట ఆ కొట్టానికి ఇంతవరకూ రాలేదు.

ఇప్పుడు వచ్చేలా ఉంది.

వాకిట్లో దిమ్మెల మీద నిలబెట్టిన తెల్ల ట్రాలీ నర్సింహులపేట దగ్గరి తండాకు చెందిన జాల్యాది. నిన్ననే పని అయిపోయింది. దిమ్మెలు తీయగానే ఎడమ పక్క జానెడు కిందికి దిగింది. ఎడమ కట్టను కుడికి, కుడి కట్టను ఎడమకు మార్చాడు. కట్టలు మారాయి కానీ వంపు మారలేదు. అదనపు చక్రం తీసేశాడు, సీటు కింది సామాను తీసేశాడు. ఖాళీ బండి. అయినా ఆ మూలన ఎవరో పడుకున్నట్టే ఉంది.

పొద్దున ఓదెమ్మ ట్రాలీలో బిందెడు నీళ్ళు పోసి కడిగింది. నీళ్ళు పల్లానికే పోవాలి. ఎడమ మూల దాకా పారి, అక్కడ తలకాయంత చోటు వదిలి రెండు పాయలుగా చీలి కిందికి కారాయి. ఆమె ఇంకో బిందె పోసింది. మళ్ళీ అంతే. అప్పటి నుంచీ ఆమె ఆ బండి నీడలోకి పోలేదు.

ఎదురు గుడిసెలో టీ కొట్టు నడిపే బాలనర్సమ్మ గ్లాసులు పట్టుకొని వచ్చింది.

"ఏందే ఓదెమ్మా, నిన్న జేసిన బండినే మల్ల ఇప్పుతున్నరు? మీ ఆయనకు చేతులు పోయినయా, బండికి నడుము పోయిందా?"

"నీ చాయ్ తాగినంక నాకు కండ్లు పోయినయ్, పో," అన్నాడు వీరయ్య.

బాలనర్సమ్మ గ్లాసులు పెట్టి, నవ్వుకుంటూ తన గుడిసెకు మళ్ళింది. ఆ నవ్వు ఖాళీ రోడ్డు మీద చాలా దూరం వినిపించింది. సకల జనుల సమ్మె. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులు లేవు. భూపాలపల్లిలో బొగ్గు బాయిలు బందు. కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. పగటి పూట కుక్కలు రోడ్డు నడిమధ్యన పడుకుంటున్నాయి.

బండి పక్కనే నిలబడ్డ జాల్యా నవ్వలేదు. ముప్పై దాటని మనిషి, రెండు రోజులుగా గడ్డం గీయలేదు.

"వీరన్నా, ఇయ్యాల లేవాలె. రేపు కడీలు ఎత్తాలె. మొన్న గుట్ట దిగుతాంటే ఎడమ చక్రం లోయ మీద ఆడింది. పైన నా పెండ్లాం రాజీ ఉన్నది, తండ కూలోళ్ళు ఉన్నరు. బండి ఎట్ల ఆగిందో నాకే తెల్వది."

"రేపు పోకు మరి."

"పత్తి ఏరుడు సురువయ్యెదాక మా తండకు గీ కడీల పనే దిక్కు. నేను పోనన్నా తండోళ్ళే పొమ్మంటరు."

వీరయ్య తల ఊపాడు. ఆఖరు పట్టీ తొట్టి నీళ్ళలో బుస్సుమంది. కట్ట బిగించాడు. దిమ్మెలు లాగాడు. కొత్త వంపు, మందం పట్టీలు, మెరిసే బోల్టులు. ముగ్గురూ చూస్తుండగా ఎడమ పక్క మెల్లగా, నిద్రలోకి జారే మనిషిలా, కిందికి దిగింది.

జాల్యా సీటు వెనక నుంచి తన జాకీ తెచ్చి ఎడమ మూల కింద పెట్టాడు. పిడి తిప్పాడు. జాకీ తల పైకి పోయి బండి అడుగును తాకి ఆగింది. పిడి మీద ఒళ్ళంతా వేసి వేలాడాడు. జాకీ అడుగు నేలలోకి దిగబడింది కానీ, పొద్దున దిమ్మెల మీదికి లేచిన బండి ఇప్పుడు వెంట్రుకవాసి లేవలేదు. కింద పలక పెట్టి తిప్పితే పలక పగిలింది.

వీరయ్య చేతులు తుడుచుకున్నాడు.

"జాల్యా, అబద్ధం ఆడకు. దీంట్ల ఏమేసినవు?"

"కడీలే అన్నా."

"కడీలు దించితే దిగుతయి. దిగనిది ఏదో ఏసినవు."

జాల్యా నేల చూపులు చూశాడు. "ఒక పీనుగును ఏసిన."

ఓదెమ్మ చేతిలో సమ్మెట నేలకు ఆనింది.

"సమ్మె మొదట్ల. వరంగల్ దవాఖాన కాడ బండి దొరుకక ఏడుస్తున్నరు. కొడుకు నా కాళ్ళ మీద వడ్డడు. చిట్యాల తీస్కపోయిన."

చిట్యాల అన్న మాటకు వీరయ్య సగం కన్ను పూర్తిగా తెరుచుకుంది.

"సగం దారిల దించిండ్రా?"

"దించుదమనే అన్నరు. పరకాల అవుతల చెట్ల కింద ఆపుమన్నరు. ఆడ కాలేజి పిల్లల రాస్తారోకో. బండ్లన్ని ఆపేసిండ్రు. పీనుగును చూసి ఆ పిల్లలే దారి ఇడిసిండ్రు. శవం బండి, ఆపొద్దు, పోనియ్యిర్రి అనుకుంట ముందటి ఊరికి ఫోన్లు గూడ జేసిండ్రు. ఆ ఊరోళ్ళు గూడ గట్లనే. అందరు దండం పెట్టెటోళ్ళే, ఒక్కరు ఆపనియ్యలె. అటెన్క వాన. సీదా కాష్టం కాడికే పోయినం."

మర్యాద చేయబోయి అందరూ కలిసి చేసిన తప్పు అది. పాడెను భుజాల మీద మోసుకుపోయేటప్పుడు సగం దారిలో దించుతారు. అది దింపుడు కల్లం. రక్తం పంచుకున్నవాళ్ళు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం మిగిలి ఉంటే పలుకుతాడని బతికినవాళ్ళకు ఆశ. తన పేరు విని కూడా పలకలేనప్పుడే, తాను పోయానన్న సంగతి పోయిన మనిషికి తెలుస్తుంది. దించకుండా, పిలవకుండా తీసుకుపోతే ఆ సంగతి అతనికి ఎవరు చెప్పినట్టు?

"ఎవలాయన?" అన్నాడు వీరయ్య.

"పేరు అడుగలె. కమ్మరాయన. నీ లెక్కనే చేతుల మీద ఎంట్రుకలు లెవ్వు. ఎడమ చేతికి నడిమి ఏలు లేదు."

వీరయ్య రైలు పట్టా ముక్క మీద కూర్చుండిపోయాడు. పెళ్ళాం వైపు తిరిగాడు. ఆమె మొహం చూడగానే అతనికి అర్థమైంది.

"నీకు ఎరుకేనా?"

"మీ అన్న కొడుకు నగేశ్ ఫోన్ జేసిండు. బాలనర్సమ్మ ఫోన్‌కు."

"నాకు చెప్పలే."

"అన్న సచ్చినా నాకు చెప్పొద్దంటివి. అన్నం పల్లెం ముట్టించి ఒట్టు వెట్టించుకుంటివి. ఇప్పుడు నన్నంటే ఎట్ల?"

తండ్రి పోయాక ఇల్లు పంచుకున్న రోజున అన్న దాకలిని తీసుకున్నాడు, తమ్ముడికి కొలిమి తిత్తి ఇచ్చాడు. తాతల నాటి దాకలి. దాని మీద దెబ్బ పడితే గుడి గంటలా మోగేది. "నీ పేరు నా నోట్ల మల్ల రాదు," అని వీరయ్య ఊరు విడిచి వచ్చాడు. రాలేదు కూడా. ఎవరైనా అడిగితే ‘చిట్యాలాయన’ అనేవాడు. జనగామ వచ్చి రైలు పట్టా ముక్కను దాకలి చేసుకున్నాడు. అది మోగదు, దగ్గుతుంది. ఆ దగ్గు వింటూ ముసలివాడయ్యాడు. పిల్లలు పుట్టలేదు. అన్న కొడుకు నగేశ్‌ను చిన్నప్పుడు ఎత్తుకున్న బరువు ఒక్కటే చేతులకు గుర్తుంది.

"తల ఎటు వెట్టిండ్రు?" అడిగాడు.

"గీ మూలకే."

వీరయ్య లేచాడు. ఓదెమ్మ అడ్డం వచ్చి నిలబడింది.

"వద్దు. కాష్టం కాలినంక పిలువరాదు. ఇప్పుడు పిలిస్తే ఒంటిగ పోడు. పిలిచినోన్ని ఎంబడి తీస్కపోతడు. నీకు తెల్వదా?"

"తెలుసు."

"తెలిసి పిలుస్తవా? నేనేం గావాలె?"

వీరయ్య బండిని చూశాడు. దాని వంపును చూశాడు.

"రేపు దీని మీద ఆడోళ్ళు ఎక్కుతరు ఓదీ. లోయ పక్కకు ఒరుగుతది. అండ్ల ఒకామె పడ్డా, ఇగ నాకు ముద్ద దిగుతదా?" గొంతు తగ్గించాడు. "ఇన్ని ఊర్లు దాటి నా దుకాణంకే వచ్చిండు. దించురా అని వచ్చిండు. ఎట్ల ఎల్లగొట్టమంటవ్?"

ఓదెమ్మ పక్కకు తప్పుకుంది. జాల్యాకు ఆ మాటల్లో సగం అర్థం కాలేదు. అర్థమైన సగానికే అతను బండి నుంచి రెండు అడుగులు వెనక్కి వేశాడు.

వీరయ్య చెప్పులు విడిచి ట్రాలీ అంచు మీదికి వంగాడు. తడి అంటని ఆ చోటికి మూరెడు పైన నోరు పెట్టాడు. పెదాలు కదిలాయి, మాట రాలేదు. ఏళ్ళ తరబడి మూసి ఉంచిన తలుపు ఒక్క తోపుకు తెరుచుకోదు.

"సాంబన్నా."

ఏమీ కాలేదు. రోడ్డు మీద పడుకున్న కుక్క లేచి, తోక ముడుచుకొని చెలకలోకి పోయింది.

"సాంబన్నా."

కొత్త బోల్టులు కిర్రుమన్నాయి. బండి కింద దుమ్ము కదిలింది.

మూడోసారి పిలిచిన గొంతు ముసలివాడిది కాదు. అన్న ముందు పరుగెత్తిపోతుంటే వెనక నుంచి పిలిచే చిన్నవాడి గొంతు.

"సాంబన్నా!"

ముగ్గురూ చెవులు రిక్కించి విన్నారు. జవాబు రాలేదు. రాకపోవడమే జవాబు. అప్పుడు ఎడమ పక్క లేచింది. ఎగరలేదు, ఊగలేదు. పెద్దమనిషి మంచం దిగినట్టు నిదానంగా లేచింది. బండికీ జాకీ తలకూ మధ్యన వెలుతురు కనిపించింది. వీరయ్య ఆ సందులో నాలుగు వేళ్ళు పెట్టి చూసుకున్నాడు. పట్టాయి.

"లేచింది పో, జాల్యా. పాత ఇనుము ఎత్తు. చూసొద్దం."

పని అయిన బండిలో, తాను కట్టిన మూల మీద కూర్చొని కొంత దూరం పోయి రావడం అతని అలవాటు. కమాను ఎక్కడ మూలిగినా నడుముకు తెలుస్తుంది. ఇనుము నింపి, చెలక బాట మీద, బండ రాళ్ళ మీద, ఎండిన కాలువ దిగి ఎక్కించి జాల్యా బండిని తోలాడు. ఇన్నాళ్ళకు అది అతని చేతిలో మాట విన్నది. ఎడమకు లాగలేదు.

వెనక వీరయ్య మాట్లాడుతున్నాడు. తనతోనే అనుకొని జాల్యా, "ఏందన్నా?" అన్నాడు. వెనక ఎవరూ పట్టించుకోలేదు. మాటలు సాగుతూనే ఉన్నాయి, మెల్లగా, మధ్య మధ్యన ఆగుతూ, అవతలి మనిషి చెప్పేది విని మళ్ళీ మొదలవుతూ. ఒకసారి నవ్వు వినిపించింది. జాల్యా అద్దంలో చూశాడు. ఒక్క మనిషే ఉన్నాడు. ఆ తరువాత అతను అద్దం వైపు చూడలేదు.

కొట్టం ముందు బండి ఆపి దిగేసరికి వీరయ్య ఎడమ మూలకు చేరగిలబడి ఉన్నాడు. కళ్ళు మూసి ఉన్నాయి. నిద్రపోతున్నాడనుకున్నారు. ఓదెమ్మ వచ్చి అతని ఛాతీ మీద చేయి పెట్టి అలాగే నిలబడింది. అంత ఇనుము, ఒక మనిషి ఉన్నా ఆ మూల ఒక్క పిసరు కూడా వంగలేదు.

ఆమె తొట్టి దగ్గరికి పోయి మసి పోయేదాకా చేతులు కడుక్కుంది. బాలనర్సమ్మ ఫోన్ తీసుకొని నగేశ్‌కు చెప్పింది. తరువాత జాల్యా ముందుకు వచ్చింది.

"చిట్యాలకే తోలు బిడ్డా. అన్న పక్కకే. సగం దారిల ఆపాలె. దించాలె. ఎవలు ఆపొద్దన్నా ఆపాలె. దండం వెట్టినా ఆపాలె."

"పిలిచెటోళ్ళు ఎవరవ్వా? నువ్వు..."

"ఆయన పేరు నేనెన్నడు తీయలే. నగేశ్ ఎదురొస్తనన్నడు. చిన్నాయినా అని పిలుస్తడు."

ఇనుము దించి, చాప పరిచి, ఆమెను ఎక్కించుకొని బండి కదిలింది. రోడ్డు మీద తెల్లగా, నిటారుగా పోయింది.

బాలనర్సమ్మ కొలిమిలో నీళ్ళు చల్లి, రేకు తలుపు దగ్గరికి వేసి వాకిట్లోకి వచ్చింది. జాకీ అక్కడే నిలబడి ఉంది. గాభరాలో జాల్యా మరిచిపోయాడు. లోపల పెడదామని పిడి తిప్పబోయింది. తిరగలేదు. రెండు చేతులతో తిప్పింది. తిరగలేదు. నిండు బండిని మోస్తున్నట్టు బిగుసుకొని ఉంది. పైన ఏమీ లేదు.

ఆమె చేతులు వెనక్కి తీసుకొని పోయి తన గుడిసె గుమ్మంలో కూర్చుంది. పొద్దు వాలింది. గాలి లేదు. బండి సగం దారి చేరి ఉంటుందా అనుకుంటూ చూస్తూ ఉండగా, ఎవరూ తాకని జాకీ కిర్రుమని ఒక్క చుట్టు తిరిగి, తల కిందికి దించుకుంది.