గడ్డకట్టిన చొక్కా

బియ్యం మూడోసారి కడిగి పొయ్యి మీద పెట్టి, ఇత్సుకో చేతులు తుడుచుకుని కలం పట్టుకుంది. అది 1926 చలికాలం. బెర్లిన్‌లో చదువుకుంటున్న జపాను వాళ్లు నెలకో ఆదివారం ఇత్సుకో వాళ్లింట్లో చేరి హైకూలు రాస్తారు. పేరు లేని చీటీలన్నీ కలిపేస్తారు. దస్తూరీ ఎవరిదో తెలియకుండా ఒక్కరే అన్నిటికీ నకలు రాయాలి. ఆ పని ఇత్సుకోది. "నీ చేతిరాత ముచ్చటగా ఉంటుందే. కవిత్వం సంగతి మేం చూసుకుంటాంలే," అన్నాడు భర్త కురాతా, వచ్చిన కొత్తలో.

ఆయన సర్కారు ఖర్చుతో జర్మన్ సాహిత్యం చదవడానికి వచ్చాడు. "చదువు వాడికి, వంట నీకు. వాడి కడుపు మాడ్చకు," అని ఓడ ఎక్కేముందు అత్తగారు మరీ మరీ చెప్పింది. కడుపు మాడ్చలేదు. కానీ చేపల కొట్టు దగ్గర వరుస పెద్దదని రెండేళ్లుగా అబద్ధమాడుతూ, యూనివర్సిటీలో చివరి బెంచీ మీద సంచీ ఒళ్లో పెట్టుకుని ఆమె విన్న పాఠాలు ఆయన విన్నవాటికి తీసిపోవు. ఇవాళ పన్నెండు చీటీలొస్తే పదమూడు కవితలు రాసింది. పదమూడోది తనది. గుండె సంబరంతో గంతులేస్తోంది.

నకళ్లు చదివి, నచ్చిన కవితకు తలా ఒక ఓటు వేశారు. ఆరుగురిలో ఐదుగురు ఒకే కవితను ఎంచుకున్నారు. వైద్యం చదివే ఒగిసో దాన్ని పైకి చదివాడు.

"గడ్డకట్టిన చొక్కా
చేతులు చాచి నిలుచుంది
ఎత్తుకుని లోపలికి తెచ్చాను."

"అబ్బ, ఈ ఊరి చలంతా ఇందులోనే ఉందయ్యా! ఈసారి టోక్యో పత్రికకు పంపేది ఇదే. రాసినవాళ్లు పేరు చెప్పండి మరి!"

కవి తన పేరు తనే పైకి పలకాలి, అది ఆనవాయితీ. అందరూ కురాతా వైపు తిరిగారు.

"మీదే కదండీ? దాస్తారేం?"

కురాతా మీసం సవరించుకున్నాడు. "చొక్కా అయితే నాదేనయ్యా..." అని నసిగాడు.

ఇత్సుకోకి ఒళ్లు మండింది. ఈ రెండేళ్లలో, పెరట్లో ఆరేస్తే చలికి కర్రలా బిగుసుకుపోయిన బట్టల్లో ఒక్కటైనా లోపలికి తెచ్చిన మనిషి కాడు. ఇప్పుడు ఊరుకుంటే చొక్కాతో పాటు కవితా ఆయనదే అయిపోతుంది, అచ్చులో, ఆయన పేరుతో.

"ఇత్సుకో!" అని అరిచింది.

అల్లరి ఆపమని కింది వాటా ఇంటావిడ చీపురుకర్రతో పైకప్పు పొడిచింది.

"ఏంటే, నీ పేరు నువ్వే పిలుచుకుంటున్నావ్?" అన్నాడు కురాతా.

ఆమెకు నవ్వాగలేదు. మళ్లీ పలికింది, ఈసారి ఇంకా గట్టిగా.